బాపు వేసిన హెలికాప్టర్ ముగ్గు

దసరా ముందర ఇంటికి సున్నం వేసుకోవడం మా సిద్దిపేటలో ఇప్పుడు బాగా తగ్గిపోయింది, అందరూ రంగు డబ్బాలకు అలవాటు పడ్డారు. కానీ మా బాపు, అదే మా నాన్న, జీవితమంతా ఊళ్లో ఇళ్లకు సున్నాలు వేసి బతికిన మనిషి కాబట్టి మా పెంకుటింటి గడప రంగు డబ్బా ఇంతవరకు తొక్కలేదు. నిన్న పొద్దున ఆయన పాత డ్రమ్ములో సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోశాడు. కుతకుతమంటూ ఉడుకుతున్న సున్నం నుంచి వేడి ఆవిరీ తడిమట్టీ కలిసిన వాసన లేస్తే, బడికి బయల్దేరుతున్న నేను ఒక కాలికి చెప్పు వేసుకుని అక్కడే నిలబడిపోయాను. అందరికీ అది పండుగ వాసన. నాకు హెలికాప్టర్ వాసన.

నా చిన్నప్పుడు దసరా ముందు నెలంతా బాపు వేళ్ల సందుల్లో సున్నం తినేసిన పుండ్లు ఉండేవి, అన్నంలో కారం తగిలితే ఆయన 'స్స్' అని చెయ్యి విదిలించేవాడు, అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె తిడుతూనే కొబ్బరినూనె రాసేది. మేం పిల్లలం తంగేడు, గునుగు పూల కోసం చెలకల వెంట తిరిగి, రొట్టెలో బెల్లం కలిపిన మలీద ముద్దలు తిని, పచ్చి సీతాఫలాలను బియ్యం డబ్బాలో దాచి, రోజూ నొక్కి నొక్కి చూసి పండనిచ్చేవాళ్లం కాదు. పండుగలు అయిపోయి చలి మొదలయ్యాక ఎన్నికలు వస్తే బాపుకు ఇంకో పని తగిలేది. మీటింగులకు వచ్చే పెద్దల హెలికాప్టర్ దిగడానికి మైదానంలో సున్నంతో పెద్ద గుండ్రం గీసి, మధ్యలో ఇంగ్లీషు అక్షరం 'హెచ్' వేయాలి. మర్కూక్, కుకునూరుపల్లి దాకా ఆయన్నే పిలిచేవారు. "మొగోడు ముగ్గేసుడు గిప్పుడే జూస్తున్నం" అని మా వాడకట్టు ఆడవాళ్లు ఆటపట్టిస్తే బాపు మీసాల చాటున నవ్వేవాడు.

మైదానం మధ్యలో ఇనుప మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, ఆ తాడును బిగువుగా పట్టుకుని బాపు చుట్టూ నడుస్తుంటే, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలోంచి సున్నపు పొడి సన్నగా రాలేది. మేకు కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చోవడం నా పని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బాపు నా చుట్టూ తిరుగుతుంటే ఆయన ముఖం చూస్తూ నేనూ కూర్చున్నచోటే తిరిగేదాన్ని. తర్వాత ట్యాంకరుతో నీళ్లు కొట్టి దుమ్ము అణచేవాళ్లు, గాలి ఎటు వీస్తోందో పైవాళ్లకు తెలియడానికి ఓ మూల పచ్చిగడ్డి కాల్చి పొగ పెట్టేవాళ్లు.

ఒకసారి అలాగే పొగ లేచింది, పోలీసులు జనాన్ని తాళ్ల అవతలికి నెట్టారు, ఆకాశంలో చప్పుడు మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది, మేకు పీకనే లేదు. బాపును తిడతారన్న భయం తప్ప ఇంకేమీ తోచలేదు. తాడు కింద నుంచి దూరి పరుగెత్తాను. పైనుంచి గాలి నన్ను నేలకు అదిమేస్తోంది, కళ్ల నిండా సున్నం. మేకు చేతికి వచ్చేసరికి హెలికాప్టర్ దిగకుండా మళ్లీ పైకి లేచి పక్కకు పోయింది. బాపు పరుగున వచ్చి నన్ను చంకన వేసుకుని బయటికి మోసుకొచ్చాడు. కిందికి దించి, ఉన్న బలమంతా పెట్టి ఎడమ చెంప మీద కొట్టాడు. అంతకు ముందు ఆయన నన్ను కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు. కొట్టిన చేత్తోనే గుండెకు హత్తుకుని, "సచ్చిపోతుంటివి గదనే బిడ్డా!" అని ఏడ్చాడు.

హెలికాప్టర్ దిగాక దాన్ని నడిపిన పెద్దమనిషి మా దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు మిలిటరీలో హెలికాప్టర్లు నడిపాడట. కేకలేస్తాడనుకుంటే, ఆయన నా పిడికిట్లో ఉన్న మేకును చూసి హిందీలో ఏదో అన్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ బాపుకు తెలుగులో చెప్పాడు.

"అన్నా, నీ బిడ్డకు జర గూడ భయం లేదంటుండు సారు. ఇంటర్ల లెక్కలు, ఫిజిక్స్ సదివియ్యుమంటుండు. ఎన్కశీరి మిలిటరీ పరీక్ష రాస్తే గిసొంటి హెలికాప్టరే నడుపొచ్చంట. గిప్పుడైతే ఆ పరీక్ష మొగపిల్లలకేనంట గని, నీ బిడ్డ పెద్దగయ్యేటాల్లకు ఆడిపిల్లలను గూడ తీసుకుంటరు కావచ్చునంట."

నా గురించి ఎవరూ అంత గొప్ప మాట అనలేదు. ఆ మాట నేను కుడి చెవితోనే విన్నాను. ఎడమ చెవిలో గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ చెవి నెల రోజులు చీము కారింది. చలిగాలికి అయిందని అవ్వ వెల్లుల్లి కాచిన నూనె పోసి దూది పెట్టేది. చీము ఆగాక చెవి సంగతి అందరం మరిచిపోయాం. బాపు హెలికాప్టర్‌ను మాత్రం మరవలేదు. పొద్దున్నే మైదానానికి తీసుకుపోయి, లుంగీ ఎగ్గట్టి నాతోపాటు తనూ పరుగెత్తేవాడు. మిలిటరీలో ఎత్తు చూస్తారని ఎవరో చెబితే, ప్రతి దసరాకు నన్ను వంటింటి గోడకు ఆనించి నిలబెట్టి తలకు సరిగ్గా బొగ్గుతో గీత గీసేవాడు. సున్నం వేసేటప్పుడు ఆ గీతలున్న జాగా వదిలేసేవాడు.

నేను ఇంటర్ చదువుతుండగా నిజంగానే ఆ పరీక్షకు ఆడపిల్లలను రానిచ్చారు. రాతపరీక్ష గట్టెక్కాను, అయిదు రోజుల ఇంటర్వ్యూ గట్టెక్కాను, మా వాడకట్టులో బాపు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇక మిగిలింది వైద్య పరీక్ష. డాక్టరు నా ఎడమ చెవిలో లైటు వేసి చాలాసేపు చూశారు. పొర చిరిగిందట. ఆపరేషన్ చేసి చిల్లు పూడ్చినా పోయిన వినికిడి రాదనీ, పైలట్‌గా పనికిరాననీ చెప్పారు. డిగ్రీ తర్వాత ఇంకో దారి ఉంది కదా సార్ అన్నాను. ఆ దారిలోనూ ఇదే చెవి చూస్తారమ్మా అన్నారు. చిన్నప్పుడు ఎవరైనా గట్టిగా కొట్టారా అని అడిగితే, "లేదు సార్, దీపావళికి పటాకి పేలింది" అన్నాను.

ఇంటికి వచ్చి ఇంకో అబద్ధం చెప్పాను, పైలట్‌కు కావలసినంత కాళ్ల పొడవు నాకు లేదన్నారని. బాపు తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"నా కాళ్లే వచ్చినయ్ బిడ్డా నీకు" అన్నాడు.

తప్పు ఆయన మీద పడకూడదని ఆడిన అబద్ధం తిరిగి తిరిగి ఆయన మీదే పడింది. ఇంకో అబద్ధం నాకు దొరకలేదు. ఎవరు అడిగినా ఆయన ఇప్పటికీ తన పొట్టి కాళ్లనే చూపిస్తాడు. ఆ చెంపదెబ్బ ఆయనకు గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు హెలికాప్టర్లు దిగడానికి సిమెంటు గచ్చు ఉంది, దాని మీద రంగుతో వేసిన 'హెచ్' ఉంది. తాడు లేదు, మేకు లేదు, పచ్చిగడ్డి పొగ లేదు, బాపును పిలిచేవాళ్లూ లేరు. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఏ పిల్లయినా మిలిటరీ హెలికాప్టర్ నడపాలంటే ఏం చదవాలని అడిగితే దారి మొత్తం చెబుతాను, ముందు చెవులు చూపించుకోమంటాను.

ఈ పొద్దున పొయ్యి దగ్గర నిలబడి వంటంతా చేసి, చాయ్ వడకట్టి తిరిగేసరికి వంటింటి గోడంతా తెల్లగా, తడిగా ఉంది. బొగ్గు గీతలు ఒక్కటీ లేవు. బాపు కుంచె పట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు.

"గీతల మీద గూడ కొట్టాల్నా అని రెండుసార్లు అడిగిండు గదనే" అంది అవ్వ. "నువ్వు పలుకకపోతివి."

పొయ్యి వైపు తిరిగి నిలబడితే ఆ గోడ నాకు ఎడమ పక్కన ఉంటుంది.

"మంచిగనే కొట్టినవ్ బాపూ" అని చాయ్ ఇచ్చాను. సున్నం అంటిన కుడి చేత్తో ఆయన గ్లాసు అందుకున్నాడు.