తనిఖీకి వచ్చిన సమ్మక్క

1981 జూన్‌లో నన్ను వరంగల్‌లోని ఒక కార్మిక బీమా దవాఖానకు ఎల్.డి.సి.గా వేశారు. ఎల్.డి.సి. అంటే గుమాస్తాల్లో అట్టడుగు మెట్టు. మిల్లు కార్మికులు కిటికీ దగ్గర కార్డు చూపిస్తే, వాళ్లు అడిగింది బీమా కిందికి వస్తుందో రాదో చూసి చెప్పడం నా పని. ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు రూల్సు పుస్తకం కంఠతా వచ్చు. ఇంకేమీ రాదు.

జూలైలో ఒక మంగళవారం సమ్మక్క వచ్చింది. మిల్లులో నూలు చుట్టే సెక్షన్‌లో పని, ఖిలా వరంగల్‌లో ఇల్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో ఫిట్స్ వచ్చి చావు తప్పి బయటపడింది. మళ్లీ కాన్పంటే ప్రాణానికే ముప్పని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడం ఇప్పట్లో మంచిది కాదని, గర్భం రాకుండా లోపల అమర్చే కాపర్-టి వేయించుకొమ్మని మా డాక్టరమ్మ చీటీ రాసిచ్చారు. ఆవిడ మా దగ్గరికి శుక్రవారాలే వచ్చేవారు. పైగా బదిలీ అయింది, ఆ వారమే ఆఖరు. ఆ తరువాత ఆ పని తెలిసినవారు మా దగ్గర లేరు. పెద్ద దవాఖానలో ఆపరేషనే చేయించుకొమ్మంటారని సమ్మక్క భయం.

"జర జల్ది చూడు తమ్మీ. శుక్రారం దాటితే నా బతుకు ఆగమైతది" అంది.

పుస్తకం తిరగేశాను. రోగాల్లో లేదు, మందుల్లో లేదు. చివరికి ఉపకరణాల అధ్యాయం దొరికింది: కట్టుడు పళ్లు, ఊతకర్రలు, కొయ్యకాళ్లు. ఒంటికి అమర్చే వస్తువే కదా, సబబుగానే తోచింది. ఉపకరణాల రిజిస్టర్‌లో పద్నాలుగో నంబరు వేసి, హామీ పత్రం నింపాను. వస్తువు బీమావారి సొత్తు. ఏటా జూలైలో కిటికీ దగ్గర తనిఖీకి చూపాలి. ఉద్యోగం మానితే మంచి స్థితిలో వాపసు చేయాలి. హెడ్ క్లర్కు కళ్లజోడు సర్దుకుని సంతకం పెట్టారు. మా ఇద్దరిలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

శుక్రవారం సమ్మక్క వేలిముద్ర వేసే ముందు పత్రం చదివి వినిపించమంది. వినిపించాను.

"ఏందీ? ఏటేటా ఈడికొచ్చి చూపియ్యాల్నా? ఏం తనిఖీ జేస్తవ్ తమ్మీ? అసలు నీకు పెండ్లయిందా?"

లైనంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా బింకం వదలకుండా, వేలిముద్ర లేనిదే స్టోరు నుంచి వస్తువు రాదన్నాను. సమ్మక్క నవ్వు ఆగిపోయింది.

"నీ కాయితం కోసం నన్ను సావుమంటవా?"

నవ్వులు విని బయటికి వచ్చిన డాక్టరమ్మ ఆ పత్రం చదివి, అడ్డంగా కొట్టేసి, మందుల చీటీ మీద కాపర్-టి ఒకటి అని రాశారు. మింగిన గోలీని ఎవరైనా వాపసు అడుగుతారా అని హెడ్ క్లర్కును నిలదీశారు. ఆయన పుస్తకం తిరగేసి, మందుకు వాపసు రూలు లేదని ఒప్పుకున్నారు. అరగంటలో పని అయిపోయింది.

కానీ రిజిస్టర్‌లో పద్నాలుగో నంబరు కొట్టేయడం నేను మరిచిపోయాను. మరుసటి జూలైలో ఆడిటరు వచ్చి, ఆ వస్తువు తనిఖీ గడి ఎందుకు ఖాళీగా ఉందని నిలదీశాడు. నేను పాత కాగితాలు తిరగేస్తుంటే కిటికీ దగ్గర సమ్మక్క ప్రత్యక్షమైంది.

"తనిఖీకొచ్చిన తమ్మీ. గా దినం చదివినవ్ గదా? పిల్లలు ఇద్దరే. నేను మంచిగున్న. రాస్కో."

ఆడిటరు గోడవైపు తిరిగిపోయాడు. నేను గడిలో "తనిఖీ అయింది, సక్రమంగా ఉంది" అని రాశాను. నన్ను ఆటపట్టించడానికే ఆ తరువాత మూడు జూలైలు అలాగే వచ్చింది. నిజం చెప్పాలంటే, జూన్ దాటితే నేనూ ఎదురుచూసేవాణ్ని.

ఆమె గడువు చెప్పి అడిగినా, నేను చూసింది పుస్తకంలో అధ్యాయం, చూడనిది ఆ ఆఖరి శుక్రవారం. ఆ తరువాత రిటైరయ్యేదాకా, కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా ఎప్పటిలోగా కావాలో ముందు అడిగి, ఆపైనే పుస్తకం తెరిచాను.