దుఃఖం దగ్గర పుస్తకం మూసేవాళ్ళం కాదు

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. పొద్దుటి ప్రార్థనలో చదివే అధ్యాయం దుఃఖంతో ముగిస్తే, నాన్న అక్కడ గ్రంథాన్ని మూయనిచ్చేవారు కాదు. "ఇంకొంచెం చదవమ్మా" అనేవారు. ఊరటనిచ్చే మాట ఒకటి తగిలేదాకా తర్వాతి అధ్యాయంలోకి పోయేవాళ్ళం. అది దొరికాకే ఆమెన్. ఆ తర్వాతే కాఫీ. నాన్న మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవారు, సంఘంలో పెద్ద. మిల్లు కూత పడే వేళకు ఊరట దొరక్కపోతే నా వేళ్ళు పేజీల మీద పరుగెత్తేవి.

ఆదివారం సంఘంలోనూ అంతే. గ్రంథం పాత భాగం నుంచి ఒకరు, కొత్త భాగం నుంచి ఒకరు చదివేవారు. ఆ రెండింటినీ కలిపి చెప్పడం బోధకుడి పని. పిల్లల కూటంలో ఆ పని నాకు పన్నెండేళ్ళకే అబ్బింది. ఎంత దూరపు మాటలు ఇచ్చినా ఎక్కడో ఒకచోట ముడి వేసేదాన్ని. "ఈ పిల్ల నోట్లో సూదీ దారం పెట్టుకుని పుట్టినాది" అని ఒక పెద్దాయన మెచ్చుకుంటే, మా అమ్మ ఆ మాట వీధంతా చెప్పింది.

డెబ్బైల చివర ఇంగ్లీషులో ఎం.ఏ. పూర్తిచేసి, మా పేట సారంలో, ఇంటి ముందు గదిలో ట్యూషన్ మొదలుపెట్టాను. ప్రైవేటుగా బి.ఏ. రాసేవాళ్ళు వచ్చేవారు. ఎక్కువమంది బజారులో అంగళ్ళు ఉన్నవాళ్ళ పిల్లలు. వాళ్ళను భయపెట్టేది ఒకే ప్రశ్న. ఎన్నడూ చూడని రెండు ఇంగ్లీషు పద్యాలు ఇచ్చి, పోల్చి రాయమనేవారు. ఒక పద్యమే అర్థం కాక ఏడుస్తుంటే రెండు ఎందుకని పిల్లలు మొత్తుకునేవారు.

నేను వాళ్ళకు ఒక పద్ధతి నేర్పాను. కాగితాన్ని నిలువునా మడవాలి. ఎడమవైపు మొదటి పద్యం సంగతులు, కుడివైపు రెండో పద్యం సంగతులు రాయాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏ వస్తువులు కనబడుతున్నాయి, ఏ లయలో నడుస్తున్నది, చివరి పంక్తిలో ఏం జరిగింది. తర్వాత మడత విప్పి, రెండు వైపులనూ కలుపుతూ అడుగున ఒక వాక్యం రాయాలి. దారులు వేరైనా ఇద్దరు కవులూ చేరిన చోటు ఒకటే అని ఆ వాక్యం చెప్పాలి. దాన్ని ముడి వాక్యం అనేవాళ్ళం. ముడి లేని జవాబును నేను దిద్దకుండానే తిప్పి ఇచ్చేదాన్ని. పిల్లలు పాసవుతూ వచ్చారు. నా పద్ధతిలో తప్పుందని నాకు ఎన్నడూ తోచలేదు. అందులో దేవుని చెయ్యి ఉందనుకున్నాను.

ఎనభైల మొదట్లో, నాన్న పోయిన రెండో ఏట, ఒక బట్టల వ్యాపారి తన కూతురిని తీసుకువచ్చాడు. తరతరాలుగా మా తమిళ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు. ఆ పిల్ల అన్ని పేపర్లూ గట్టెక్కి ఈ ఒక్కటే తప్పింది.

"రెండు పద్యాలు ఇచ్చి ఏది బాగుండాదని అడిగితే, మా పిల్ల రెండూ బాగలేవని రాసొచ్చింది టీచరమ్మా" అన్నాడు ఆయన.

"అట్ల రాయలేదు నైనా" అంది ఆ పిల్ల తల వంచుకునే.

"ఏందో రాసినావులే." ఆయన నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మురుంగపాక్కంలో ఇస్కూలు వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. బి.ఏ. ఉంటేనే. ఈసారీ పోతే చదువు చాలు. అంగట్లో కూర్చోనీ. మళ్ళీ ఫీజు కట్టే ఓపిక నాకు లేదు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నిజమని తెలిసింది.

ఆ పిల్లకు చూపు మంచిది. మడిచిన కాగితానికి రెండు వైపులా ఆమె రాసినవి చదివితే నాకే కొత్త సంగతులు తెలిసేవి. ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆగిపోయేది. "రాస్తాను ఉండండి టీచరమ్మా" అనేది. రాసేది కాదు.

పరీక్షకు వారం ముందు ఒక పాత ప్రశ్నపత్రం ఇచ్చాను. రెండు పద్యాలూ పోయిన బిడ్డల గురించే. మొదటిదాంట్లో తల్లి, బిడ్డ దేవుని ఇంట్లో దీపం పెడుతున్నాడని చెప్పుకుంటుంది. రెండోదాంట్లో ఒక రైతు కొడుకును పాతిపెట్టి ఇంటికి వస్తాడు. పాలు పితుకుతాడు. ఇంట్లో అందరికీ పోస్తాడు. ఒక గ్లాసు మిగిలిపోతుంది. దాన్ని పట్టుకుని నిలబడతాడు. అంతటితో పద్యం అయిపోతుంది.

ఆమె రెండు వైపులూ నింపి అడుగున ఖాళీ వదిలేసింది.

"ముడి ఏది?"

"ఇవి రెండూ కలవవు టీచరమ్మా."

"కలుస్తాయి. రైతు గ్లాసు పట్టుకుని ఎందుకు నిలబడ్డాడు? బిడ్డ మళ్ళీ కనబడతాడని ఎదురుచూస్తున్నాడు. అదీ నిరీక్షణే."

"ఎదురుచూడట్లేదు. ఏం చెయ్యాల్నో తెలీక నిలబడినాడు."

"నీకెట్లా తెలుసు?"

ఆమె కాగితం మడతను గోటితో నొక్కింది. "మా తమ్ముడు గోరిమేడు ఆసుపత్రిలో పోయినాడు. జరం. పదకొండో నాడు మా అవ్వ అందరికీ తట్టల్లో ఇడ్లీలు పెట్టింది. ఒక తట్ట ఎక్కువ తీసింది. అది పట్టుకోని అట్లనే నిలబడింది. దేవుణ్ణి తలవలేదు, ఎవురికోసరమూ చూడలేదు. మళ్ళీ తట్టను లోపల పెట్టేసింది. పద్యంలో ఆయప్ప మా అవ్వ మాదిరి. ఆయన అననిది అన్నాడని నేనెట్ల రాసేది?"

నాకు జాలి కలిగింది. ఆ జాలికి తోడు బోధించాలన్న ఆత్రం వచ్చింది. దుఃఖంలో ఉన్నవాళ్ళను అక్కడే వదిలేయకూడదని కదా నేర్చుకున్నది. "అందుకే ఈ వాక్యం నీకు ఎక్కువ అవసరం" అన్నాను. "రాయి. పరీక్షలో ఇది లేకపోతే మళ్ళీ తప్పుతావు. మీ నాయన ఏమన్నాడో గుర్తుంది కదా?"

ఆమె రాసింది. నేను చెప్పినది చెప్పినట్టే రాసి, కాగితం నాకిచ్చి వెళ్ళిపోయింది.

ఆరు రోజులకు మా పొద్దుటి ప్రార్థనలో ఒక విలాపగీతం వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎన్నోసార్లు చదివినదే. పాడినవాడు దేవునికి మొరపెట్టుకుంటాడు, స్నేహితులు దూరమయ్యారంటాడు, చీకట్లోనే ముగిస్తాడు. జవాబు రాదు. అమ్మ అలవాటుగా "ఇంకొంచెం చదువు" అంది. నేను పేజీ తిప్పబోయి ఆగాను. ఆ గీతం ఎక్కడ ముగుస్తుందో నేను అంతవరకూ గమనించనే లేదు. ప్రతిసారీ దాన్ని దాటి తర్వాతి గీతం మధ్యలోనే ఆగాను.

"ఇక్కడికి చాలమ్మా."

"మీ నాయన ఉంటే ఒప్పుకునేవాడా?"

"పాడినాయన ఇక్కడే ఆపినాడు గదా."

అమ్మ కాఫీ పెట్టడానికి లేచింది. ఆమెన్ కూడా అనలేదు. దేవుడు ఆ గీతాన్ని తన గ్రంథంలో ఉండనిచ్చాడు. దానికి ఊరట అతికించమని ఎవరికీ చెప్పలేదు. ఆయన ఓర్చుకున్నదాన్ని నేను ఓర్చుకోలేకపోయాను. పక్కవాడి దుఃఖాన్ని నా ఆమెన్ కోసం తొందరపెట్టాను. నా విశ్వాసం ఆ పొద్దున తగ్గలేదు. నా బోధ మీద మాత్రం నాకు భయం పుట్టింది.

మరునాడే పరీక్ష. నేరుగా వాళ్ళ అంగడికి వెళ్ళాను. తండ్రి బట్ట కొలుస్తూ, "ఏంది టీచరమ్మా, యాడా రానివారు వచ్చినారు! పిల్ల ఏమన్నా తప్పు చేసిందా?" అన్నాడు.

"తప్పు నాది" అన్నాను. ఆయన నవ్వాడు, వేళాకోళమనుకుని.

లోపల తానుల మధ్య కూర్చుని చదువుకుంటున్న పిల్లతో చెప్పాను. కలిసినవాటిని కలిశాయని రాయి. కలవనివాటిని కలవలేదని రాయి, ఎందుకు కలవలేదో రాయి, అక్కడే ఆపు.

ఆమె మొహం పాలిపోయింది. "రేపు పరీక్ష. ఇప్పుడా టీచరమ్మా చెప్పేది?"

నేను చెప్పులు వేసుకుని అంగడి దిగాను.

పరీక్ష అయ్యాక గేటు దగ్గర నిలబడ్డాను. అందరికన్నా చివర వచ్చింది. రెండూ ఇంటికి తిరిగివచ్చిన మనుషుల పద్యాలట. మొదటివాడికి తలుపు తీశారు, రెండోవాడికి తీయలేదు.

"కలవవని రాసినాను. రెండో ఆయప్పకు వాకిలే మిగిలిందని, పంక్తులు గూడా చివరికి పొట్టివైపోయినాయని, అంతా రాసినాను." కలం మూత బిగించింది. "పది నిమిషాలుండాయని గంట కొట్టినారు. నైనా కండ్లల్లో మెదిలినాడు. భయమేసింది. అడుగున మీ ముడి వేసేసినాను. ఇద్దరికీ ఇల్లు దొరికిందని."

ఆమె పాసయింది. ఆ వాక్యం మార్కులు తెచ్చిందో, ఉన్నవాటిని తగ్గించిందో చెప్పగలిగేవారు ఎవరూ లేరు. తండ్రి జాంగ్రీల పొట్లంతో వచ్చి, "మీ చెయ్యి మంచిది టీచరమ్మా, మీరు చెప్పినట్ల రాసింది, గట్టెక్కింది" అని మా అమ్మకు కూడా నమస్కారం పెట్టాడు. ఆయన చెప్పులు వేసుకుంటుంటే నేను పిల్లను గడప లోపల ఆపాను.

"ఆ చివరి వాక్యం నీది కాదు. నీ చేత రాయించిన భయం నాది. నన్ను క్షమించు."

ఆమె నన్ను వింతగా చూసింది. "దాంట్లో ఏముంది టీచరమ్మా, పాసయినాను గదా" అంది. నవ్వుతూనే అంది. మనసులోనూ అంతే అనుకుంటున్నట్టు కనబడింది. "నేనూ ఇస్కూల్లో నా పిల్లకాయలకు ఆ ముడి నేర్పిస్తాను. రొంబ సులువు."

నేను ఏదో అనబోయాను. తండ్రి బయటి నుంచి పిలిచాడు. ఆమె వెళ్ళిపోయింది. ఆ జూన్‌లో మురుంగపాక్కంలో ఉద్యోగానికి చేరిందని విన్నాను.