అక్కడిప్పుడు టైమెంత?

వెల్లింగ్టన్ కోర్టు కౌంటర్‌లో కాగితాల మీద తేదీ ముద్ర ఠప్పున పడినప్పుడల్లా నాకు రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు. బందరులో పుట్టి, లండన్‌లో ఇరవై ఏళ్లు లాయరుగా పనిచేసి, ఇక్కడికొచ్చి చిన్న ఆఫీసు పెట్టారు. ఇక్కడివాళ్లందరూ ఆవిడను రాజీ అనేవారు. నన్నూ అలాగే పిలవమన్నారు గానీ కడపలో పెరిగి, ఆవిడ దగ్గర జూనియర్ లాయరుగా చేరిన నాకు నోరు రాలేదు. మేడమ్ అన్న పిలుపు దగ్గరే ఆగిపోయాను.

2000ల మధ్యలో, వెల్లింగ్టన్ పక్కనే ఉన్న లోవర్ హట్‌లో పాలు పితికే మెషీన్లకు రబ్బరు తొడుగులు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి మాకు క్లయింటు. వాళ్ల లండన్ కంపెనీ ఇటలీకి సరుకు పంపింది. ఆ తొడుగుల వల్ల ఆవులకు పుండ్లు పడ్డాయని కొన్నవాళ్లు ఊరంతా చెప్పడం మొదలుపెట్టారు. ఆ నింద కోర్టులో తొలగేదాకా యూరప్‌లో ఇంకెవరూ కొనరు. ఏళ్లు గడిస్తే ఫ్యాక్టరీ మూతే. తగాదా వస్తే లండన్ కోర్టులో తేల్చుకోవాలని ఒప్పందంలో ఉంది. కానీ ఒకే తగాదా మీద రెండు దేశాల్లో కేసులు పడితే, ముందు పడిన కోర్టు తనకు అధికారం లేదని చెప్పేదాకా రెండోది ఆగాలన్నది అప్పటి యూరప్ నిబంధన. అవతలివాళ్ల ఊళ్లో ఆ ఒక్క మాట తేలడానికే ఏళ్లు పట్టేదట.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం కదా," అన్నారు మేడమ్ ఫైలు నా చేతికిస్తూ. "యూరప్‌లో అది చెల్లదమ్మాయ్. అక్కడ చెవులదే రాజ్యం."

నవ్వాను. అర్థమైందనుకున్నాను. మా వైపు గొడవకు వెళ్లినా ముందు కబురంపి వెళ్లడం మర్యాద. ఇక్కడి ఆఫీసులూ కేసు వేసేముందు ఒక మంచి ఉత్తరం రాస్తాయి. ఆ రెండు మర్యాదలూ కలిపి, జూన్‌లో ఒక సోమవారం అందరికన్నా ముందొచ్చి, పద్నాలుగు రోజుల్లో దారికి రాకపోతే లండన్‌లో దావా వేస్తామని ఇటలీకి ఫ్యాక్స్ కొట్టాను. కాగితం వెళ్లిపోయాక గానీ చెవుల సంగతి గుర్తు రాలేదు. మీరే ముందు పరుగెత్తండని వాళ్లకు నేనే చెప్పినట్టయింది.

కాపీని ఫైలు అడుగున దాచేద్దామనిపించిన మాట నిజం. కానీ మేడమ్ తలుపు తీసుకుని వచ్చేసరికి అది నా చేతిలోనే ఉంది. నిలబడే అంతా చెప్పేశాను. ఆవిడ కోటు కూడా విప్పలేదు.

"అక్కడిప్పుడు టైమెంత?"

"ఆదివారం రాత్రి పదకొండు, మేడమ్."

"అయితే నీ ఉత్తరం ఖాళీ ఆఫీసులో పడుంది. పొద్దునదాకా ఎవరూ చూడరు. కూర్చో, దావా రాద్దాం."

లండన్‌లో పాత సహోద్యోగికి ఇంటికి ఫోన్ చేసి, పొద్దున కోర్టు తలుపులు తీసేసరికి గుమ్మంలో ఉండమన్నారు. తర్వాత ఫ్యాక్టరీ యజమానికి ఫోన్ చేసి, మా ఆఫీసు పొరపాటు చేసిందని, దిద్దుతున్నామని చెప్పారు. నా పేరు ఎత్తలేదు. పక్కనే కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం తన పెరుగన్నంలో సగం నా ముందుకు తోసి, మూడో పేరా మళ్లీ రాయమన్నారు. సాయంత్రానికి కాగితాలన్నీ లండన్ చేరాయి.

మర్నాడు పొద్దున ముద్ర పడిన కాపీ వచ్చింది. లండన్‌లో సోమవారం పొద్దున పదీ పది. ఇటలీవాళ్లు ఆ సోమవారమే మధ్యాహ్నం తమ ఊళ్లో కేసు వేశారని తర్వాత తెలిసింది. వాళ్ల కోర్టు ఆగింది, మాది నడిచింది. తొడుగుల్లో లోపం లేదని లండన్‌లో తీర్పొచ్చింది. హట్ రైల్లోంచి ఆ ఫ్యాక్టరీ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

తిట్లు ఎప్పుడు పడతాయా అని వారం రోజులు ఎదురుచూసి, ఉండబట్టలేక నేనే అడిగాను.

"తిడితే ఇంకోసారి వచ్చి చెప్తావా?" అన్నారు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ ఓర్పు నాకు రాలేదు, నాది కడప కోపం. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన లాయరు, వెళ్లకూడని కాగితం సింగపూర్‌కు పంపేసి, తనే నా గదికి వచ్చి చెప్పింది. కోపం గొంతుదాకా వచ్చింది. మింగేసి, కుర్చీ చూపించి అడిగాను.

"అక్కడిప్పుడు టైమెంత?"