చేతికి తొడుగులు, కాలికి బూట్లు

నందిగామ కల్యాణమండపంలో మ్యూజియంవాళ్ల ప్రాంతీయ సదస్సులో చూశాను ఒక పెద్ద అధికారిని. తెల్ల చేతితొడుగులు తీయకుండా పులిహోర తిన్న మహానుభావుడు. తాళి కూడా వాటితోనే కట్టి ఉంటాడు. ఎవరేది ముట్టుకోబోయినా, "చెమట తగిలితే చరిత్ర చెడిపోతుందయ్యా!" అని కసిరేవాడు.

వీరులపాడు రైతొకాయన, పొలంలో దొరికిన చెక్కడపు రాయిని ఆటోలో తెచ్చాడు. "మ్యూజియంలో పెట్టించండి బాబూ. లేకపోతే మావాళ్లు పునాదిలో వేసేస్తారు" అని బతిమాలాడు.

"ఉపన్యాసం అయ్యాక చూద్దాం" అన్నాడు అధికారి.

తీరా మైకు ఆయనకి అందలేదు. ఆ రాయినే వేదికమీదికి తెప్పించి, బూట్లతో ఎక్కి నిలబడి, వారసత్వాన్ని కాపాడుకోవడం గురించి గంటసేపు దంచాడు.

ఆయన దిగగానే రైతు తుండుగుడ్డతో రాయి తుడిచి, మళ్లీ ఆటో ఎక్కించాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాడు అధికారి.

"మా గొడ్లచావిట్లోకండీ. ఎవరూ ముట్టుకోకుండా నేనే కాపలా కాస్తా. మా గేదెలు దీన్ని చూసి పక్కకి తప్పుకుంటాయండీ."