చెయ్యి ఆనించని పెట్టె

మా చిన్నాయన పాల్‌రాజ్ రైళ్ళకు నీళ్ళు పడతాడు. వ్యాసర్పాడిలో మా వీధి చివర గోడ దాటితే యార్డు. సెంట్రల్ స్టేషన్ నుంచి బయల్దేరాల్సిన రైళ్ళు కొన్ని ముందు అక్కడికొచ్చి, ఒళ్ళు కడిగించుకుని, నీళ్ళు పట్టించుకుని వెళతాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా పైపులు మోసి మోసి ఆయన కుడి భుజం కాస్త కిందికి జారింది. చొక్కాలు కుట్టే అరుముగం ప్రతి క్రిస్మస్‌కీ ఆ భుజం కొలత తీస్తూ సణుగుతాడు.

రైలు పెట్టె పక్కనున్న గొట్టానికి పైపు బిగించి, ట్యాంకు నిండి నీళ్ళు బయటికి పొర్లేదాకా ఆగాలి. ఆ కాసేపూ మిగతావాళ్ళు ఫోను చూసుకుంటారు. చిన్నాయన మాత్రం అరచెయ్యి పెట్టెకు ఆనించి కళ్ళు మూసుకుంటాడు. లోపల నీళ్ళు ఎక్కే అదురు చేతికి తెలుస్తుందట.

"ప్రభువా, ఈ నీళ్ళతో మొగం కడుక్కునేది ఎవురో నాకు తెలీదు. నీకు తెలుసు. ఆళ్ళని చల్లగా చూడు."

అంతే ప్రార్థన. నీళ్ళు పొర్లగానే ఆమెన్. తర్వాతి పెట్టె.

నాకు కాస్త నోటి దురుసు. "టికెట్ లేకుండా ఎక్కినోళ్ళకి కూడానా చిన్నాయనా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. "ఆళ్ళకి ఇంకొంచెం ఎక్కువ కావాల దా" అన్నాడు, మాట చివర అలవాటైన అరవ 'దా' తగిలించి.

ఆయన ఆ రైళ్ళలో ఒక్కటీ ఎక్కి ఎరగడు. అయినా అవి ఎక్కడికి పోతాయో అన్నీ చూసినట్టే చెబుతాడు. ఆదివారం తెలుగు చర్చికి నడిచిపోతుంటే దారిపొడుగునా అదే ముచ్చట. తన నీళ్ళు రాత్రంతా చీకట్లో ఊగుతూ పోయి, తెల్లారేసరికి ఏ కొండ మలుపులోనో ఒక చంటిబిడ్డ బుగ్గల మీద పడతాయట. పరీక్షకు పోయే పిల్ల జుట్టు తడిపి దువ్వుకుంటుందట. మిగిలినవి పట్టాల మీద కారి, మట్టిలో ఇంకి, ఎప్పటికో మబ్బై తిరిగి మన వైపే వస్తాయట. వాన పడితే గొడుగు మూసేస్తాడు. "నేను పట్టిన నీళ్ళు దా, నన్ను చూసిపోను వచ్చినాయి" అంటాడు. లూర్దుమేరి పిన్నమ్మ తువాలు విసిరి తిడుతుంది.

ప్రభువు నీళ్ళను ద్రాక్షారసంగా మార్చిన కానా ఊరి పెళ్ళి గురించి పాస్టరుగారు ఎప్పుడు చెప్పినా అందరూ ద్రాక్షారసం దగ్గర నోరెళ్ళబెడతారు. చిన్నాయనకు బానలు నింపిన పనివాళ్ళంటే ఇష్టం. "ఆళ్ళ పేర్లు ఎవురూ రాయలా. అయినా సంగతి ముందు తెలిసింది ఆళ్ళకే" అని మురిసిపోతాడు, వాళ్ళు తన యూనియన్ వాళ్ళయినట్టు.

పోయిన ఆగస్టులో పిన్నమ్మ గుండెలో వాల్వు చెడింది. నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలం తిరిగేవి. వెల్లూరులో ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆలస్యం చేస్తే కష్టమన్నారు, చేసినా పూర్తి నమ్మకం ఇవ్వలేమన్నారు. వాళ్ళ కూతురు జెబకు నెలలు నిండాయి, రాలేదు. కాగితాలు చూసేందుకు నేను బయల్దేరాను. వెల్లూరుకు దిగాల్సిన కాట్పాడిదాకా మధ్యాహ్నం రైలుకు ఫోనులో టికెట్లు తీశాను.

ఆ రోజు పొద్దున కూడా చిన్నాయన డ్యూటీకి పోయి, సగం పూట చేసి వచ్చాడు.

ప్లాట్‌ఫారం మీద మా పెట్టె ముందుకు రాగానే ఆయన ఆగిపోయాడు. నీళ్ళ గొట్టం పక్కన పసుపు రంగు కారి ఎండిన మరక ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. సామాను మోసే కూలి తొందరపెడితే ఎక్కాడు కానీ, రైలు కదిలాక కూడా ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"ఏంది జెబ నాయనా, నేను ఇంకా ఈడనే ఉన్నా కదా" అంది పిన్నమ్మ, కిటికీ పక్కన ఆయాసంతో ఒరిగి.

"మేరీ, ఈ రైలుకి పొద్దున నీళ్ళు పట్టింది నేనే."

"మంచిదే కదా."

"అన్ని పెట్టెలకీ చెయ్యి పెట్టి ప్రభువుని అడిగినాను. ఈ పసుపు మరక పెట్టెకాడికి వచ్చేసరికి కడుపు మండింది. ముప్పై ఏండ్లు ఎవురెవురికో అడిగితినే, నా ఇంటిదాన్ని ఇట్ల చేస్తివే అని. చెయ్యి పెట్టలా. ఇది ఎట్ల పోతే నాకేంది అనుకున్నా." ఆయన పెట్టె గోడ వైపు చూపించాడు. "ఈ ఒక్క పెట్టె, మేరీ. దీంట్లోనే నిన్ను కూర్చోపెట్టినాను."

రైలు పెరంబూరు దాటింది.

పిన్నమ్మ ఆయన వైపు తిరిగింది. నెమ్మదిగా అడిగింది. "చెయ్యి పెట్టకపోతే, నీళ్ళు నిండేదాకా ఏం చేస్తివి?"

"పట్టా మీద కూర్చోనుంటి. గొంతు ఎండిపోయింది. నువ్విచ్చిన సీసాలో నీళ్ళు తాగినా."

పిన్నమ్మ నవ్వింది. ఆయాసంతో నవ్వు మూడు ముక్కలయింది. ఊపిరి అందాక చెప్పింది.

"పెండ్లయిన మర్నాటి నుంచి నీకు నీళ్ళసీసా నింపుతున్నా కదా. మూత పెట్టేటప్పుడు దాని మీద చెయ్యి పెట్టి, ఈ మనిషిని చల్లగా చూడు సామీ అంటా. ఈ పొద్దున కూడా అన్నా. నువ్వు నీళ్ళు పట్టేటప్పుడు ఏమంటావో పెండ్లినాటి రాత్రి నాతో చెప్పినావు చూడు, ఆడ నేర్చుకున్నా. నీకు చెప్పలా, అంతే."

చిన్నాయన సంచిలోంచి సీసా తీశాడు. పాత పచ్చ సీసా, అడుగున ఇంకా రెండు గుక్కలున్నాయి. ముప్పై ఏళ్ళపాటు లోకానికంతా తానొక్కడే అడుగుతున్నాననుకున్న మనిషి, దాన్ని చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

కాసేపటికి లేచి, తువాలు పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి పోయాడు. పడిపోతాడేమోనని వెనకే వెళ్ళాను. కుళాయి తిప్పకముందు అరచెయ్యి పెట్టె గోడకు ఆనించాడు.

"ప్రభువా, ఈ నీళ్ళతో మొగం కడుక్కునేది ఎవురో నాకు తెలుసు" అన్నాడు. తువాలు తడిపి తెచ్చి పిన్నమ్మ నుదురు, కళ్ళు, మెడ తుడిచాడు. బయట అరక్కోణం వైపు పొలాల మీద ఎండలోనే సన్నగా తుంపర పడుతోంది.

ఆపరేషన్ అయిన పదహారో రోజున పిన్నమ్మ ఇంటికొచ్చింది. బరువులు ఎత్తకూడదన్నారు కాబట్టి ఇప్పుడు సీసా ఆయనే నింపుకుంటాడు. మూత పెట్టి ఆమె దగ్గరికి తెస్తాడు. ఆమె మంచం మీద కూర్చునే దాని మీద చెయ్యి పెడుతుంది. ఆ ఒక్క నిమిషం, డ్యూటీకి టైము అవుతున్నా సరే, చిన్నాయన చెప్పులు విడిచి, తల వంచి నిలబడతాడు.