లీటా ఎంచుకున్న బిళ్ళ

మా ఆవిడ లీటా ఇరవై ఆరేళ్లు నెబ్రాస్కా మట్టిరోడ్ల మీద బడి బస్సు నడిపింది. రిటైరయ్యాక అల్లికలు పట్టుకుంటుందనుకున్నాను. రైఫిల్ పట్టుకుంది. నాకంటే బాగా కాలుస్తుందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. ఊరందరికీ తెలిసిన సంగతి నేను దాచి ఏం లాభం?

మా క్లబ్బు పోటీలో వంద గజాల అవతలున్న కాగితం మీద ఐదు గుళ్లు కాల్చాలి. రౌండ్లన్నిట్లో ఏ ఒక్కసారైనా ఎవరి ఐదు చిల్లులు అందరికన్నా దగ్గరగా పడితే వాళ్లదే కప్పు. ఎవరి తూటాలు వాళ్లు అక్కడే, బల్ల మీదే, రౌండుకీ రౌండుకీ మధ్య నింపుకుంటారు. తుపాకీమందు గురించి, గుండు గురించి అందరూ గంటలు గంటలు మాట్లాడతారు. తూటా అడుగున కందిపప్పంత ప్రైమర్ ఉంటుంది. తుపాకీలోని సూది తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించే బిళ్ళ అది. అది మాత్రం డెల్మర్ స్కోగ్ ఏ రకం కొంటే అందరూ ఆ రకమే. అతను నాలుగుసార్లు కప్పు కొట్టాడు మరి. అతనిది మంట జోరుగా లేచే రకం.

లీటాకి అది మింగుడుపడలేదు. మా చిన్న తూటాలో పట్టే మందే చిటికెడు, దానికంత మంటెందుకని ఆవిడ వాదన. మూడేళ్లపాటు, గాలి లేని ప్రతి ఉదయమూ కాల్చి, ఏడు రకాల బిళ్ళలు పరీక్షించింది. గుండు అదే, మందూ అదే, మారేది బిళ్ళ ఒక్కటే. రకం మార్చినప్పుడల్లా ప్రమాదం లేకుండా మందు తగ్గించి మొదలుపెట్టి, మళ్లీ అదే కొలతకి తెచ్చేది. నేనెంత చెప్పినా వినని మనిషి, చిల్లుల కాగితం చెబితే నోరు మూసుకుని వినేది. చివరికి అన్నిటికన్నా మెత్తగా వెలిగే రకం దగ్గర ఆగింది.

"అవి తుస్సు బిళ్ళలు లీటా, పిల్లల బొమ్మ తుపాకీకి పెట్టుకో" అనేవాడు డెల్మర్. ఆ వేసవిలో ఆవిడ మూడు పోటీలు గెలిచింది. గాలి కలిసొచ్చిందన్నారు, రైఫిల్ మంచిదన్నారు. బిళ్ళ మాట ఒక్కడూ ఎత్తలేదు. మూడేళ్ల పనిని అదృష్టం ఖాతాలో వేసేశారని ఆవిడ లోలోపల ఉడికిపోయేది.

సెప్టెంబరులో ఆఖరి పోటీ. చివరి రౌండు ముందు లీటా అందరికన్నా పైన ఉంది. డెల్మర్ చిల్లులు ఉదయం నుంచీ చెల్లాచెదురుగా పడుతున్నాయి. టోపీ తీసి చేత్తో పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చాడు.

"లీటా, నీ బిళ్ళలు ఓ ఐదు ఇస్తావా?"

పెట్టెలో మిగిలినవి పదే. ముందుగా కాల్చి గాలి చూసుకోవడానికి ఐదు, పోటీకి ఐదు అని లెక్కగా తెచ్చుకుంది.

"ఇవ్వకు, నీకే చాలవు" అన్నాను అతను వింటుండగానే.

"నువ్వు గాలి ఎటుందో ఆ జెండాలు చూసుకో ఆర్లో. డెల్మర్, మందు మాత్రం ముట్టుకోకు. నువ్వు వేసేదే వెయ్యి, బిళ్ళ ఒక్కటే మార్చు" అని ఐదు లెక్కపెట్టి అతని అరచేతిలో పోసింది.

ఆవిడ గాలి చూసుకోకుండానే ఐదూ కాల్చింది. మొదటి గుండు పక్కకి పోయింది, మిగతా నాలుగూ ఒకే చోట దిగాయి. డెల్మర్ ఐదు గుళ్లూ ఒక్క చిల్లులా కలిసిపోయాయి. వెంట్రుకవాసి తేడాతో కప్పు అతనిదైంది.

కప్పు అందుకుంటూ అతను అందరి ముందూ అడిగాడు. "లీటా, అది ఏ రకమో చెబుతావా? రాసుకుంటాను." వెనకాల మరో ఆరుగురు పెన్నులు తీశారు.

ఇంటికి కారు నడుపుతూ నేను ఊరుకోలేకపోయాను. "గెలిచే పోటీని తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టావు."

"నేను కొడితే రైఫిల్ అన్నారు, గాలి అన్నారు" అంది లీటా. "ఇవాళ రైఫిల్ అతనిది, చెయ్యి అతనిది. నాది బిళ్ళ ఒక్కటే. ఇక ఏమంటారో అనమను."

పక్కన కూర్చున్నది నా పెళ్లామని ఎంత గర్వమనిపించిందంటే, మా ఇంటి మలుపు దాటేసి అర మైలు ముందుకు పోయాను.