మొగిలి ఘాట్‌లో న్యూట్రల్

మదనపల్లె టమోటా మార్కెట్ నుంచి చెన్నైకి లారీ తోలే బర్నబాస్‌కు నెలకు పదారు వేలు జీతం. ట్రిప్పుకు ఎనిమిదొందలు బత్తా, తిండీ టీలూ అందులోనే. ఇంకో ఆదాయం కూడా ఉండాది గానీ దాన్ని ఏ డ్రైవరూ నోటితో చెప్పడు. ఓనరు హరినాథ్ పోనూ రానూ నూటాపది లీటర్ల డీజిలు పోయిస్తాడు. మిగిలిందేదో అమ్ముకుంటే ఆ దుడ్డు డ్రైవరుదే. అది మిగలాలంటే రోడ్డు యాడ పల్లానికి దిగితే ఆడ గేరు తీసేసి న్యూట్రల్లో వదిలెయ్యాల. లోడు బరువుకు బండి దానంతటదే జారిపోతాది. అట్ల ట్రిప్పుకు మూడొందలో నాలుగొందలో జేబులో పడతాయి. ఆసుపత్రిలో ఆయాగా చేసే పెండ్లాం ఫ్లారెన్స్‌కు కూడా ఆ లెక్క తెల్దు.

ఆ పొద్దు మధ్యాహ్నం మొగిలి ఘాట్‌లో అట్లనే వదిలినాడు. గేరు పట్టు లేక బ్రేకులు తొక్కి తొక్కి కాలిపోయినాయి, ఇంక పట్టుకోలా. లోయ పక్కకు పోనీకుండా తిప్పి కొండగట్టుకు గుద్దేసినాడు. మనుషులకేమీ కాలేదు. రోడ్డంతా టమోటాలే, జనం సంచులు తెచ్చి ఏరుకుంటాండారు.

హరినాథ్ ఫోన్ చేసి ఏమైందని అడిగితే, "బ్రేకులు పట్టలేదు సార్" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలా.

రెండు దినాల ముందే ఆ బ్రేకులు చేసింది పుంగనూరు మెకానిక్ చిన్నప్ప. హరినాథ్ నేరుగా ఆయన షెడ్డుకు పోయి, నలుగురి ముందర నోటికొచ్చినట్ల తిట్టి, తన మూడు లారీలూ ఆడికి పోకుండా మాన్పించేసినాడు. చిన్నప్పతో బ్రేకులు చేయించుకుంటే ప్రాణం పోతాదని మార్కెట్లో మాట పాకిపోయింది. బర్నబాస్‌కేమో లారీని లోయలో పడనీకుండా కాపాడినాడని ఓనరు రెండు వేలు ఇచ్చినాడు.  తీసుకున్నాడు.

నెల దినాలు పుంగనూరు మీదుగా పోయిన ప్రతిసారీ షెడ్డు వచ్చేసరికి మొహం అవతలికి తిప్పుకున్నాడు. కడాకు ఒక ఆదివారం చర్చిలో అందరూ పాడతాంటే పాటల పుస్తకం మూసేసినాడు. సగంలోనే లేచి పుంగనూరు బస్సెక్కినాడు.

షెడ్డులో ఒక్క బండీ లేదు. పని లేకపోయినా చిన్నప్ప కిరసనాయిల్లో స్పానర్లు కడుక్కుంటాండాడు. రా అప్పా అని స్టూలు జరిపినాడు. బర్నబాస్ కూచోలేదు.

"అన్నా, ఆ పొద్దు నేను న్యూట్రల్లో దించినా."

చిన్నప్ప తలెత్తలేదు. "తెలుసు. బండి లాగేదానికి వచ్చినప్పుడే బ్రేకు డ్రమ్ములు సూసినా. తొక్కిన వేడికి కాలిపోయి నీలం తిరిగిండె."

"మరి యాల చెప్పలేదు?"

"నేను చెప్తే తప్పించుకునేదానికి చెప్తాండాడంటారు. నువ్వే చెప్తావులే అనుకున్యా. ఇన్ని దినాలు పడుతుందనుకోలేదు."

ఆడ నిలబడే బర్నబాస్ హరినాథ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పినాడు.  ఆయన లారీ తాళాలు ఆఫీసులో పెట్టేసి పొమ్మన్నాడు.

ఓనరొక్కడికి చెప్తే సాలదు గదా. మాట పాకింది మార్కెట్లో. సోమవారం లారీ స్టాండు కాడ టీ తాగతాండే డ్రైవర్లకు కూడా చెప్పినాడు.  సుబ్రమణ్యమనే డ్రైవరు నవ్వినాడు.

"నువ్వొకడివే దించినావా ఏందప్పా? పాస్టరు మాదిరి మొదలుపెట్టినావు."

"నేను దించింది నేను చెప్తాండా. చిన్నప్ప పనిలో తప్పు లేదు. ఆ మాట మీ మీ ఓనర్లకు చెప్పండి, సాలు."

ఇంకెవురూ నవ్వలేదు. అందరూ గ్లాసుల్లోకి సూసుకుంటాండారు.

ఇప్పుడు బర్నబాస్ కుప్పంలో పాల వ్యాను తోలతాండాడు. పన్నెండు వేలు, బత్తా లేదు. ఫ్లారెన్స్‌కు అంతా చెప్పేసినాడు. హరినాథ్ లారీలు తిరిగి చిన్నప్ప దగ్గరికే పోతాండాయంట. మొన్న మదనపల్లెకు బస్సులో పోతాంటే పుంగనూరులో షెడ్డు ముందర రెండు బండ్లు నిలిచిండాయి. చిన్నప్ప సూసి చెయ్యెత్తినాడు. బర్నబాస్ కూడా ఎత్తినాడు గానీ, ఆయన మొహంలోకి మాత్రం సూడలేకపోయినాడు.